నమాజ్‌లో ఒకసారి కలిగిన ఆ అనుభూతి మళ్ళీ రావట్లేదేంటి?

ప్రశ్న: పోయిన రంజాన్ చివరి పది రాత్రుల్లో ఒకరోజు తహజ్జుద్ (రాత్రి నిద్ర లేచి చదివే అదనపు నమాజ్) చదువుతూ సజ్దాలో (నుదురు నేలకు ఆనించి) ఉండగా అల్లాహ్ నా దగ్గరే ఉన్నాడనిపించింది, ఏడుపు ఆగలేదు కానీ మనసు ఎంత తేలికైపోయిందో చెప్పలేను. తర్వాత మళ్ళీ అలా జరగలేదు. ఇప్పుడు నమాజ్‌లో నిలబడితే కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందా అనే ధ్యాసే. మా అత్తగారు అది షైతాన్ పని అంటున్నారు, ఫ్రెండేమో నువ్వు వలీవి (అల్లాహ్‌కి దగ్గరైన పుణ్యాత్మురాలివి) అయిపోయావ్ అంటోంది. ఏది నిజం? అల్లాహ్‌కి నా మీద కోపం వచ్చిందా?
- ఒక సోదరి, కర్నూలు

జవాబు: కోపమేం లేదమ్మా, కంగారు పడకండి. మీకొచ్చిన ఈ డౌటే దైవప్రవక్త (స - ఆయనకు శాంతి కలుగుగాక) దగ్గర రాతపని చేసిన హంజలా (రజి - అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) గారికి కూడా వచ్చింది, సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథంలో ఉంది. ఆయన దారిలో అబూబక్ర్ (రజి) గారు కనబడితే "హంజలా మునాఫిక్ (కపట విశ్వాసి) అయిపోయాడు" అన్నారట. అదేం మాటయ్యా అంటే, ప్రవక్త గారి దగ్గర కూర్చుంటే స్వర్గం నరకం కళ్ళ ముందే ఉన్నట్టుంటుంది, ఇంటికెళ్ళి భార్యాపిల్లలు, ఆస్తిపాస్తుల గోలలో పడగానే చాలావరకు మర్చిపోతున్నాను అన్నారు. అబూబక్ర్ గారంతటివారు కూడా మాకూ అంతే అని, ఇద్దరూ కలిసి ప్రవక్త (స) దగ్గరికే వెళ్ళారు. మీరు ఎప్పుడూ అదే స్థితిలో ఉంటే దైవదూతలు మీ పడకల మీదా, దారుల్లోనూ మీతో చేతులు కలిపేవాళ్ళు, కానీ హంజలా, ఒక గడియ అలా ఒక గడియ ఇలా అని చెప్పారాయన. సహాబాల (ప్రవక్త సహచరుల) పరిస్థితే అదైతే కుక్కర్ విజిల్స్ మధ్య మనమెంత చెప్పండి. (స్టవ్ ఆపేసి నిలబడండి, భోజనం వడ్డించి ఉంటే ముందు తినేసి తర్వాత నమాజ్ చదవమని హదీసే ఉంది.)

ఇక షైతానా, వలీనా అంటే నేనైతే రెండూ అనను. ఆ రాత్రి తర్వాత మీకు నమాజ్ మీద ఇష్టం పెరిగిందా, ఇంట్లోవాళ్ళతో మాట మెత్తబడిందా, లేక నేను అందరికంటే గొప్ప అనే భావం వచ్చిందా, అది చూసుకోండి. గాల్లో ఎగిరేవాణ్ణి చూసినా మోసపోకండి, ముందు షరీఅత్ (ఇస్లాం ధర్మశాస్త్రం) ఆజ్ఞల్ని ఎలా పాటిస్తున్నాడో చూడండి అని సూఫీ గురువు బాయజీద్ బస్తామీ గారు అన్నట్టు సూఫీలు చెప్పుకుంటారు, కొలత అదే.

ఇలాంటి అనుభవాన్ని అందరికీ చెప్పుకోవాలా అంటే, ప్రసిద్ధ ఇస్లాం పండితుడు ఇమామ్ గజాలీ సంగతి చూడండి. బాగ్దాద్ నిజామియా మదరసాలో అంత పెద్ద ప్రొఫెసర్, 1095లో పాఠం చెబుదామంటే నోరు పెగల్లేదు, ముద్ద దిగలేదు, వైద్యులు చేతులెత్తేశారు. ఉద్యోగం వదిలేసి డమాస్కస్, జెరూసలేం వెళ్ళి ఏళ్ళ తరబడి ఏకాంతంలో ఉన్నారు. తర్వాత తన కథ రాస్తూ కూడా, అసలు అనుభవం దగ్గరికొచ్చేసరికి జరిగిందేదో జరిగింది, మంచే అనుకోండి, వివరాలు అడగకండి అన్న కవితా పాదంతో ఆపేశారు. మంచి కల వస్తే ఇష్టమైనవాళ్ళకే చెప్పమని హదీసు ఉంది కదా, మీకొచ్చింది కల కాకపోయినా అదే పద్ధతి మంచిదని నా ఉద్దేశం, ఫ్రెండ్స్ గ్రూపుల్లో పెట్టకండి.

తహజ్జుద్ రెండు రకాత్‌లైనా (నమాజ్‌లో ఒక్కో ఆవృతం ఒక రకాత్) సరే మానకండి, ఆ ఫీలింగ్ కోసం మాత్రం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవడం, ఎవరో ఆర్డర్లు వేస్తున్నట్టు గొంతులు వినబడటం లాంటివి ఉంటే తావీజుల (తాయెత్తుల) చుట్టూ తిరక్కుండా డాక్టర్‌ని కలవండి.