గుండె వేగంగా కొట్టుకునేవాళ్లకి పేస్‌మేకర్ ఎందుకు?

మీ నాన్నగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదరడం) వచ్చి పోతోందని, మధ్యమధ్య కళ్లు తిరిగి పడిపోతున్నారని రాశారు. పరుగెత్తే గుండెకి పేస్‌మేకర్ దేనికని మీ అనుమానం. మా అమ్మది అచ్చం ఇదే కేసు.

పేస్‌మేకర్ ఏఎఫ్‌ని ఆపదు. గుండె మరీ నెమ్మదించకుండా కాపు కాస్తుంది, అంతే. అమ్మకి ఏఎఫ్ ఉన్నంతసేపూ పల్స్ 140 దాటేది. అది ఆగగానే అసలు లయ నడిపించాల్సిన సైనస్ నోడ్ వెంటనే అందుకునేది కాదు, గుండె కొన్ని సెకన్లు ఆగిపోయేది. పడిపోయేది అప్పుడే. మామూలు ఈసీజీలో ఇది దొరకలేదు, హోల్టర్ (రోజంతా ఒంటిమీదే ఉండి ఈసీజీ తీసే చిన్న మిషన్) పెడితే బయటపడింది. ఇలా కాసేపు పరుగు, కాసేపు మరీ నెమ్మది అయితే డాక్టర్లు టాకీ-బ్రాడీ అంటారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ మందు ఇస్తే నెమ్మది ఇంకా పెరుగుతుంది, ఇవ్వకపోతే పరుగు తగ్గదు. పేస్‌మేకర్ 60కి కిందకి పోనివ్వకుండా చూస్తోంది కాబట్టి, ఆ తర్వాత మందు ధైర్యంగా ఇచ్చారు.

సింగిల్ చాంబరా, డ్యూయల్ చాంబరా అని ఖర్చు దగ్గర తేల్చేయకండి. ఏఎఫ్ వచ్చిపోయేవాళ్లకి పై గదిలో కూడా వైరు ఉండే డ్యూయల్ మేలు. కింది గదినే కొట్టించే రకంతో పోలిస్తే దీనితో ఏఎఫ్ కొంత తక్కువగా వస్తుందని పరిశోధనల్లో తేలింది. ఏఎఫ్ శాశ్వతంగా ఉండిపోయినవాళ్లకి పై గదిని పేస్ చేయడం కుదరదు, వాళ్లకి సాధారణంగా సింగిల్ చాలు. డ్యూయల్‌లో మోడ్ స్విచ్ అని ఒకటుంటుంది: పై గదులు పిచ్చిగా అదురుతుంటే ఆ వేగాన్ని కిందికి పంపకుండా పేస్‌మేకర్ తనే పద్ధతి మార్చుకుంటుంది.

రక్తం పలచబరిచే మందు గురించి మాత్రం గట్టిగా చెప్తాను. "మిషన్ పెట్టారుగా, ఇంకా ఆ మాత్రలెందుకు?" అని మా ఇంట్లోనే ఇద్దరు ముగ్గురు పెద్దలు సలహా ఇచ్చారు. ఏఎఫ్‌లో రక్తం గడ్డకట్టేది ఎక్కువగా ఎడమ పై గదికున్న చిన్న సంచిలో. పేస్‌మేకర్ దాన్నేమీ చేయదు, కాబట్టి స్ట్రోక్ ముప్పు అలాగే ఉంటుంది. అసిట్రామ్ అయినా అపిక్సబాన్ అయినా డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. చెకప్‌లో పేస్‌మేకర్‌ని కంప్యూటర్‌కి కలిపినప్పుడు ఏఎఫ్ ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు ఉందో కనిపిస్తుంది. అమ్మకి తెలియకుండా రాత్రిళ్లు వచ్చినవీ అందులో దొరికాయి.

మందులతో కూడా వేగం లొంగకపోతే, పై గదుల నుంచి కిందికి సంకేతాలు పంపే ఏవీ నోడ్‌ని కాల్చేసి గుండెని పూర్తిగా పేస్‌మేకర్ మీద నడిపించే దారి ఉంది. అది చేశాక వెనక్కి రాలేం, అందుకే చివర్లో ఆలోచిస్తారు. అమ్మకి అంతదాకా రాలేదు. మీ నాన్నగారి హోల్టర్ రిపోర్టులో అన్నిటికన్నా పొడవైన పాజ్ (గుండె ఆగిన విరామం) ఎన్ని సెకన్లో, అది ఏఎఫ్ ఆగిన క్షణానే వచ్చిందో కాదో ఈసారి డాక్టర్‌ని అడగండి.