విపత్తులో కొట్టుకుపోయిన కల్వర్టుకు అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా మొత్తం ఖర్చు ఇస్తుందా?

సాధారణంగా ఇవ్వదు, అమెరికాలో దెబ్బతిన్న ప్రజా నిర్మాణాల మరమ్మతుకు అర్హమైన ఖర్చులో కనీసం 75 శాతం ఫెమా భరిస్తుంది, మిగతాది రాష్ట్రం, స్థానిక సంస్థలు సర్దుకోవాలి. 1988 నాటి స్టాఫర్డ్ చట్టం పెట్టిన వాటా ఇది. స్థానికుల శక్తికి మించిన నష్టంలో కేంద్రం చేయి కలపాలన్నదే దాని ఉద్దేశం, మొత్తం భారం నెత్తిన వేసుకోవాలని కాదు. నష్టం మరీ భారీగా ఉంటే ఈ వాటా పెంచుతారు కూడా.

అసలు మెలిక అర్హతలో ఉంది. బీమా కింద వచ్చే సొమ్మును ముందే తీసేస్తారు. కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్డు మీది కల్వర్టు బాగుచేయడానికి 4 లక్షల డాలర్లు అవుతుందనుకోండి. బీమా లక్ష ఇస్తే, మిగిలిన 3 లక్షల్లో 75 శాతం, అంటే 2.25 లక్షలు ఫెమా వాటా. పైగా చాలా పనులకు ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపించి తెచ్చుకోవాలి. చిన్న ఊళ్లకు టెన్షన్ అంతా ఇక్కడే.

ఇళ్లు కూలినవాళ్లకు ఇచ్చేదీ ఈ డబ్బే అని చాలామంది పొరబడతారు. ఇది ప్రభుత్వ సంస్థలకు, అర్హత ఉన్న కొన్ని లాభాపేక్ష లేని సంస్థలకు మాత్రమే. వ్యక్తులకు ఇచ్చే సాయం వేరే పథకం.