కాలు ఎత్తడం నేర్చుకో, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. కొత్త కారు ఫొటో చూశాను, రంగు బావుంది. దాని కింద నువ్వు రాసిన ముక్కే రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. అర్ధరాత్రి అవుటర్ రింగు రోడ్డు ఖాళీగా ఉంటుందట, అక్కడ స్పీడుగా నడపడం ప్రాక్టీస్ చేస్తావట. ఖాళీగా ఉండదురా. వెనక లైటు లేకుండా పక్కకి ఆపిన లారీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 100 స్పీడులో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. ఆ లారీ కదలట్లేదని నీ బుర్రకెక్కేలోపే రెండు బస్సుల పొడవు దాటేసి ఉంటావు. రోడ్డు మీద ప్రాక్టీస్ మాట ఇంక ఎత్తకు. మిగతాదంతా అడుగు, చెప్తాను.

కాలేజీ రోజుల్లో నెల్లూరు నుంచి గూడూరికి బస్సులో నిలబడే వెళ్ళేవాణ్ణి. మా ట్రిప్పుకి ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి వచ్చేవాళ్ళు. ఒకాయన బస్సాపితే, చక్రం ఆగిన క్షణాన కండక్టరుతో సహా అందరం వెనక్కి తూలి ఒకరి మీద ఒకరం పడేవాళ్ళం. రెండో ఆయన కూడా అంతే గట్టిగా బ్రేకేసేవాడు. కాకపోతే ఆగడానికి ఒక గజం ముందు పెడల్‌ని వెంట్రుకవాసి వదిలేవాడు. బస్సు ఆగిందని కిటికీలోంచి చూస్తే గాని తెలిసేది కాదు. ఓ రోజు ముందుకెళ్ళి ఇంజను పక్కన నిలబడి ఆయన కాలే చూస్తూ ఉండిపోయా. చెప్పు విడిచి, వట్టి పాదంతో తొక్కేవాడు. నాకు తెలిసిన విద్యంతా అక్కడ మొదలైంది.

నువ్వు ఎంత గట్టిగా తొక్కుతావన్నది నాకు అక్కర్లేదు, ఎలా వదుల్తావో చూపించు. బ్రేకు నొక్కితే బండి బరువు ముందుకొస్తుంది, ముక్కు వంగుతుంది. ముందు టైర్లకి పట్టు పెరుగుతుంది, వెనకవి తేలికైపోతాయి. బ్రేకు ఠక్కున వదిలేశావా, ముక్కు పైకి లేస్తుంది. సరిగ్గా నువ్వు స్టీరింగ్ తిప్పే సమయానికి ముందు టైర్ల మీద బరువుండదు. ఒక్కో టైరు రోడ్డుని తాకేది ఇంచుమించు అరచేయంత. ఆగడానికీ తిరగడానికీ లాగడానికీ ఉన్నది ఆ నాలుగు అరచేతులే. ఉన్న పట్టంతా బ్రేకే తినేస్తే మలుపుకి ఏం మిగుల్తుంది? అందుకే స్టీరింగ్ ఎంత తిప్పుతూ వెళ్తావో, బ్రేకు అంత వదుల్తూ వెళ్ళాలి. రేసు ట్రాక్ వాళ్ళు దీన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. మా బస్సు డ్రైవరుకి ఆ పేరు తెలియదు.

ఎక్స్‌లేటర్ మీంచి తీసే కాలుకీ ఇదే వర్తిస్తుంది. ఇది నాకు ఇరుంగాట్టుకోట్టైలో తెలిసింది. శ్రీపెరుంబుదూరు దగ్గర మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ ట్రాక్, చుట్టు 3.7 కిలోమీటర్లు. నా పాత మారుతి ఎస్టీమ్ కారు వేసుకుని వెళ్ళా. రెండో సెషన్‌లో తిన్నగా సాగే స్ట్రెయిట్ చివర సి-1 అనే మొదటి మలుపులోకి కాస్త ఎక్కువ స్పీడుతో దూరాను. మధ్యలో భయమేసి కాలు మొత్తం తీసేశా. బరువు ఒక్కసారిగా ముందుకెళ్ళింది, వెనక భాగం తేలిపోయి నన్ను దాటుకుని ముందుకొచ్చింది. ఒక గిరికీ, ఆ తర్వాత మట్టి. దుమ్ము తగ్గాక చూస్తే నేను వచ్చిన దారికే ఎదురుగా నిలబడున్నా. బండికేం కాలేదు గాని నోరంతా ఇసుక. ఆ రోజు కాలు సగమే, మెల్లగా ఎత్తుంటే కొంచెం వెడల్పుగా వెళ్ళి బయటపడేవాణ్ణి.

ముందు సీటు సరిచేసుకో. వీపు సీటుకి ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. బ్రేకు పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. స్టీరింగ్‌ని గడియారం అనుకుంటే చేతులు తొమ్మిది, మూడు దగ్గర. సినిమా హీరోలాగా వెనక్కి వాలి ఒంటిచేత్తో తిప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత కళ్ళు. బండి కళ్ళ వెంట పోతుంది. స్కిడ్ అయినప్పుడు గోడ వైపు చూశావా, చేతులు నీకు తెలియకుండానే అటే తిప్పుతాయి. వెళ్ళాలనుకున్న చోటే చూడు. ఇది చెప్పడం సులువు, అలవాటుకి నాకు రెండేళ్ళు పట్టింది.

మీవన్నీ ముందు చక్రాలు లాగే బళ్ళు కాబట్టి నీకు ముందొచ్చే జబ్బు ముక్కు తిరగకపోవడం. ఎంత తిప్పినా బండి తిన్నగా పోతుంటుంది. అప్పుడు ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకు. స్టీరింగ్ కాస్త వెనక్కి విప్పు, ఎక్స్‌లేటర్ మెల్లగా తగ్గించు, పట్టు తిరిగొస్తుంది. వెనక భాగం జారితే బ్రేకు జోలికి పోకు. వెళ్ళాల్సిన వైపు చూస్తూ అటే స్టీరింగ్ పట్టు, కాలు కొద్దిగా ఎక్స్‌లేటర్ మీద ఉంచు, ముందు చక్రాలే బండిని లాగి నిలబెడతాయి. పట్టు దొరకగానే స్టీరింగ్ త్వరగా తిన్నగా చెయ్యి. చాలామంది మొదటి ఊపు కాచుకుని రెండో ఊపులో పడతారు, అది మరీ గట్టిగా విసిరేస్తుంది. ఈఎస్‌సీ అంటే బండి జారితే తనంతట తనే అదుపు చేసే ఏర్పాటు, దాన్ని ఆపేయాలని నీ స్నేహితులు చెప్తారు. ఆపకు.

నీ బండికి ఏబీఎస్ ఉంది, గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. పెడల్ కాలికింద దడదడలాడితే భయపడి కాలు తీయకు, అది దాని పని. తొక్కి తొక్కి వదలమని మీ తాత చెప్పింది ఆయన అంబాసిడర్ కాలం మాట.

నేర్చుకునే చోటు గురించి. మొదట గో-కార్ట్ అనే చిన్న రేసు బండి, దాంట్లో తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. తర్వాత ఆటోక్రాస్. ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి రెండో గేరులోనే జరిపించేస్తారు, నెమ్మదిగా అనిపిస్తుంది గాని అందరికంటే ఎక్కువ నేర్పేది అదే. ఆ తర్వాతే ట్రాక్ డే, అంటే మన బండినే రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజు, ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చునేలా ఉంటేనే. ఇరుంగాట్టుకోట్టై గాని, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే గాని. నోయిడా పక్కన బుద్ధ్ సర్క్యూట్ 5 కిలోమీటర్ల పైనే ఉంటుంది, స్ట్రెయిట్లు పొడుగు. మొదటిసారి అక్కడొద్దు.

పాలసీ కాగితం తీసి చదువుకో. రేసింగులోనూ స్పీడు టెస్టులోనూ జరిగిన డామేజీకి మామూలు ఇన్సూరెన్సు డబ్బివ్వదు. ట్రాక్ మీద గీత పడ్డా నీ జేబులోంచే.

ఇంకొకటి, బ్రేక్ ఆయిల్. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్-4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టింది 155కే మరగొచ్చు. మరిగితే పైపులో ఆవిరి చేరి పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంది, బండి ఆగదు. నాలుగైదు చుట్లయ్యాక పెడల్ మెత్తబడినట్టుంటే వెంటనే ట్రాక్ పక్కన బళ్ళు ఆపే పిట్‌లోకి వచ్చేయ్. చివరి చుట్టు బ్రేకులు వాడకుండా మెల్లగా తిరుగు. వచ్చి ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకు, గేరులో పెట్టు. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూసి కాగితం మీద రాసుకో. చక్రాల నట్లు బయల్దేరేముందు బిగించి చూడు.

ఈలోపు ఒక పని చెయ్యి. ఆఫీసుకి వెళ్ళొచ్చేటప్పుడు ప్రతి సిగ్నల్ దగ్గరా, పక్కన కూర్చున్నవాళ్ళ తల వెనక్కి కొట్టుకోకుండా బండి ఆపు. నెల రోజులు. పక్కన మీ అమ్మనే కూర్చోబెట్టుకో, తను మొహమాటపడదు, ఉన్నదున్నట్టు చెప్తుంది. ట్రాక్ సంగతి నేను అక్కతో మాట్లాడతాలే, నువ్వు మధ్యలో దూరి చెడగొట్టకు. బ్రేక్ ఆయిల్ మార్పించి ఆ బిల్లు ఫొటో పంపు, అప్పుడు తేదీ చూద్దాం.

నీ మావయ్య