గదిలోకి చొరబడే గాలి, పెరిగే కరెంటు బిల్లు

ప్రశ్న: 12×10 అడుగుల గదికి టన్నున్నర ఏసీ పెట్టించాం. 20లో పెట్టినా ఒళ్లు జిగటగానే ఉంటోంది. గ్యాస్ సరిగానే ఉందని మెకానిక్ అన్నాడు. ఇంకా పెద్దది కొనాలా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వద్దండి. పెద్ద ఏసీ గదిని త్వరగా చల్లార్చి ఆగిపోతుంది, తేమ అలాగే మిగులుతుంది. ముందు సందులు చూడండి.

బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రాత్రి కిలో గాలిలో సుమారు 22 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 25 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న గదిలో 11 గ్రాములే. పదడుగుల ఎత్తు గదిలో 40 కిలోల దాకా గాలి పడుతుంది. అది ఒక్కసారి పూర్తిగా మారితే ఏసీ దాదాపు 450 గ్రాముల నీళ్లు పిండాలి. గాలి వేడి తగ్గించడానికయ్యే పనికి ఇది సుమారు నాలుగు రెట్లు. గంటకు మూడుసార్లు మారితే, ఎనిమిది గంటల్లో మూడు యూనిట్లు దానికే పోతాయి. 20కి దించితే బిల్లు పెరుగుతుంది తప్ప సందు పూడదు.

చల్లగాలి బరువు కాబట్టి తలుపు కిందనుంచి జారిపోతుంది. ఆ మేరకు వేడిగాలి వెంటిలేటర్ గుండా, ఏసీ పైపు కన్నం గుండా దిగుతుంది. మూడడుగుల తలుపు కింద ఒకటిన్నర సెంటీమీటర్ల సందంటే 135 చదరపు సెంటీమీటర్లు. గోడకు 13 సెంటీమీటర్ల కన్నం పొడిచినట్టే. అటాచ్డ్ బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి మరిచిపోతే సందులు పూడ్చినా దండగే: గంటకు 200 ఘనపు మీటర్లు లాగే ఫ్యాను మీ గది గాలినంతా పది నిమిషాల్లో ఊడ్చేస్తుంది.

పరీక్షకు మాత్రం అదే ఫ్యాను పనికొస్తుంది. కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి, బాత్‌రూమ్ తలుపు తెరిచి ఎగ్జాస్ట్ వేయండి. అగరబత్తిని అంచుల వెంట తిప్పండి. పొగ లోపలికి వంగినచోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. తలుపు కింద రబ్బరు పట్టీ, చట్రానికి రబ్బరు బీడింగు వేయించండి. అల్యూమినియం కిటికీల జారే రెక్కలకు అరిగిన బ్రష్ పట్టీలు మార్పించండి. పైపు కన్నంలో ఫోమ్ సగమే నింపాలి, అది ఉబ్బుతుంది. ఎండ తగిలితే పొడైపోతుంది, అందుకే బయటివైపు సిమెంటు పూత తప్పదు. తడిగోడకు సిలికాన్ అంటుకోదు. వానలకు ముందే పని ముగించండి. సందులు మూశాక లోపలి గాలి అలాగే నిలిచిపోతుంది కాబట్టి, పడుకునే ముందు కాసేపు తలుపు తెరిచి గాలి మార్చుకోండి.

ప్రశ్న: చలికాలంలో హీటరు వేసినా గది వెచ్చబడదు. రేకుల కప్పు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కొరాపుట్

జవాబు: మీ దగ్గర గాలి దారి తిరగబడుతుంది. వెచ్చని గాలి రేకుల అంచుల్లోంచి పైకి పోతుంది, చలి తలుపు కిందనుంచి వస్తుంది. కాబట్టి ముందు కప్పు-గోడ కలిసేచోట పూడ్చండి, తలుపు సంగతి తర్వాత. కానీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు హీటరే వాడండి.