తమ్ముడు చెప్పాడని ప్యాచ్ పీకేయకండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కావలి. నాన్నగారికి పేగు క్యాన్సర్. మాత్రలు మింగలేకపోతుంటే నెల్లూరులో డాక్టరు గారు నొప్పి తగ్గడానికి ఛాతీ మీద ఫెంటనిల్ ప్యాచ్ (చర్మంలోంచి మందు ఒంట్లోకి దిగే పట్టీ) అంటించారు. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, అక్కడ దాన్ని నిషేధిస్తూ చట్టం చేశారనీ, వెంటనే తీసేయమనీ గొడవ చేస్తున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ పని మాత్రం చేయకమ్మా. అలవాటుపడిన ఒంటికి ఇలాంటి మందు ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరగబెట్టడమే కాదు, చెమటలు, వణుకు, వాంతులు పట్టుకుంటాయి.

మీ తమ్ముడు విన్నది 2025 జులైలో ట్రంప్ సంతకం పెట్టిన చట్టం గురించి అయి ఉంటుంది. అది నాన్నగారి మందు జోలికి పోలేదు. ఫెంటనిల్ అక్కడ ఇప్పటికీ రెండో షెడ్యూలులోనే, అంటే గట్టి నిఘాతో వైద్యానికి వాడే మందుల్లోనే ఉంది. మొదటి షెడ్యూలులోకి, అంటే వైద్యానికి పనికిరావని నిషేధించినవాటి జాబితాలోకి శాశ్వతంగా ఎక్కించింది దాని దాయాదులను. దొంగచాటుగా మందు తయారుచేసేవాళ్లు అణువులో ఒక ముక్క మార్చి కొత్త సరుకు దించుతారు. జాబితాలో దాని పేరుండదు. ఒక్కో పేరూ చేర్చుకుంటూ పోలేక, 2018లో రసాయన నిర్మాణాన్ని బట్టి మొత్తం వర్గాన్నీ తాత్కాలికంగా కట్టడి చేశారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ చివరకు ఈ చట్టం తెచ్చారు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. పరీక్షించకుండానే అన్నిటికీ ఒకే ముద్ర వేశారు. వాటిలో ఏ హానీ చేయనివి, విరుగుడుగా పనికొచ్చేవి కూడా ఉండవచ్చు. పరిశోధకులకు అనుమతులు కొంత సులభం చేశారు, సంతోషమే. హాని లేదని తేలినదాన్ని ఆ జాబితా నుంచి త్వరగా తీసేసే ప్రత్యేక మార్గం మాత్రం పెట్టలేదు.

అతిగా బిగిస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా? మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ కోసం ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల చుట్టూ తిరిగేవి. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకదానికి గడువు తీరేది. చీటీ రాసిచ్చి రోగి కొడుకును మద్రాసు రైలెక్కించడం తప్ప నాలాంటివాళ్లకు దారి ఉండేది కాదు. 2014లో చట్టం సవరించారు. మరుసటి ఏడాది ప్రకటించిన ఆరు అత్యవసర నార్కోటిక్ మందుల్లో మార్ఫిన్‌తో పాటు ఫెంటనిల్ కూడా ఉంది. గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఇప్పుడు వాటిని చట్టబద్ధంగా ఉంచుకోవచ్చు.

తమ్ముడి భయంలో నిజం బొత్తిగా లేకపోలేదు. ఫెంటనిల్ మార్ఫిన్ కంటే సుమారు వంద రెట్లు ఘాటైనది. ప్యాచ్‌ను సాధారణంగా 72 గంటలకు మారుస్తారు. కత్తిరించకండి. వేడి తగిలితే మందు ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది కాబట్టి కాపడం పెట్టవద్దు, రోహిణి కార్తె ఎండలో వరండాలో పడుకోబెట్టవద్దు. జ్వరం వస్తే డాక్టరుకు చెప్పండి. తీసేసిన ప్యాచ్‌లో పసిబిడ్డ ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, ఆసుపత్రిలో చెప్పినట్టు పారేయండి. ఎంత లేపినా లేవకుండా, శ్వాస బాగా నెమ్మదిస్తే ప్యాచ్ తీసేసి వెంటనే 108కి ఫోన్ చేయండి. నలోక్సోన్ ఇంజెక్షన్ దీనికి విరుగుడు.

మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. దానికి మందు రాయకపోతే అడిగి రాయించుకోండి. పేగు జబ్బు కాబట్టి సొంతంగా మాత్రం ఏదీ కొని వేయకండి.