యెరూషలేములో ప్రభువు సమాధి ఏది? యాత్రికుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా సంఘస్థులం బృందంగా యెరూషలేము యాత్రకు సిద్ధమవుతున్నాం. మాకు ఇచ్చిన కార్యక్రమ పత్రంలో ప్రభువు సమాధి అంటూ రెండు వేర్వేరు చోట్లు ఉన్నాయి. ఒకటి పాత నగరంలోని పెద్ద చర్చి, మరొకటి ప్రాకారం బయట ఉన్న తోట. వీటిలో నిజమైనది ఏది? రెండింటికీ కలిపి ఒక పూటే కేటాయించారు.

సమాధానం: చారిత్రక ఆధారాలను బట్టి పురావస్తు పండితులలో ఎక్కువమంది మీరు చెప్పిన పెద్ద చర్చి, అంటే పవిత్ర సమాధి చర్చి వైపే మొగ్గుతారు, నా అభిప్రాయమూ అదే. యేసు గవిని వెలుపల శ్రమపడ్డాడని హెబ్రీ పత్రిక చెబుతుండగా, ఈ చర్చి ప్రాకారం లోపల ఎలా ఉంటుందన్న సందేహం చాలామందికి కలుగుతుంది. అయితే నేడు మనకు కనిపించే ప్రాకారం 16వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాను సులేమాను కట్టించినది. ఈ స్థలాన్ని నగరంలో కలిపిన గోడను మొదటి అగ్రిప్ప రాజు మొదలుపెట్టాడు. ఆయన పాలించినది క్రీ.శ. 41 నుంచి 44 వరకు కాబట్టి, సిలువ మరణం నాటికి ఇది ఊరి వెలుపలి భూమే. చర్చి లోపల, సమాధి మందిరం వెనుక సిరియన్ల ప్రార్థనా గది ఉంది. దాని పక్కన రాతిలో తొలిచిన ఆనాటి సమాధి అరలను ఇప్పటికీ చూడవచ్చు. యూదులు ఊరి లోపల శవాలను పాతిపెట్టేవారు కారు గనుక, ఈ అరల కంటె బలమైన సాక్ష్యం వేరే అక్కరలేదని నేననుకుంటాను. మీ గైడు చూపించకపోతే అడిగి మరీ చూడండి.

రెండవ శతాబ్దంలో హాడ్రియన్ చక్రవర్తి ఈ చోటును పూడ్పించి దానిపై రోమన్ దేవాలయం కట్టించాడు. నాలుగవ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ దానిని తొలగించి సమాధిని వెలికితీయించాడు, ఆయన కట్టించిన చర్చి 335లో ప్రతిష్ఠ పొందింది. 1009లో ఖలీఫా అల్ హాకిమ్ ఆజ్ఞతో అది నేలమట్టమైంది. నేటి కట్టడంలో ఎక్కువ భాగం, 1149లో ప్రతిష్ఠించిన క్రూసేడర్ల నిర్మాణం. 2016లో మరమ్మతుల కోసం సమాధి మీది పాలరాతి పలకను తొలగించినప్పుడు, దాని కింద ఉన్న మరో పలకను అతికించిన గారను పరీక్షించగా, అది సుమారు 345 నాటిదని తేలింది. ఇన్ని విధ్వంసాల తరువాత కూడా కాన్‌స్టంటైన్ కాలంలో గుర్తించిన చోటు మారలేదని దీనివల్ల స్పష్టమైంది.

తోట సమాధి సంగతి వేరు. దమస్కు ద్వారానికి ఉత్తరాన ఒక కొండ చరియ పుర్రె ఆకారంలో కనిపించడంతో, యేసును సిలువ వేసిన కపాల స్థలం (గొల్గొతా) అదేనని 1883లో బ్రిటిష్ సైనికాధికారి గోర్డన్ గట్టిగా నమ్మాడు. 1894 నుంచి ఆ తోట ఒక బ్రిటిష్ సంస్థ సంరక్షణలో ఉంది. అక్కడి సమాధి క్రీస్తుకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందు తొలిచినదని పురావస్తు శాస్త్రజ్ఞుడు గాబ్రియేల్ బార్కాయ్ నిరూపించాడు. యోహాను సువార్త చెప్పేది అంతకుముందు ఎవరినీ ఉంచని కొత్త సమాధి గురించి గనుక, ఈ రెంటికీ పొత్తు కుదరదు.

అయినా తోటను మానుకోమని నేను చెప్పను. పెద్ద చర్చిలో ఆరు ప్రాచీన సంఘాలు తమతమ వేళల్లో ఆరాధన జరుపుతాయి, సమాధి ముందు బారు ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది, లోపలికి వెళ్లినవారికి మోకరించేందుకు దొరికేది కొద్ది క్షణాలే. తోటలో బృందమంతా కూర్చుని పునరుత్థాన వాక్యం చదువుకోవచ్చు, ముందుగా తెలియజేస్తే ప్రభువు బల్లలో పాలుపొందడానికి స్థలం కేటాయిస్తారు. కాబట్టి రెంటినీ ఒక పూటలో ఇరికించవద్దని నిర్వాహకులతో గట్టిగా మాట్లాడండి. చర్చికి తెల్లవారుజామున, బస్సులు రాకముందే వెళ్లండి. మధ్యాహ్నం వెళ్తే అక్కడ మీకు జనమే కనిపిస్తారు.

ప్రశ్న: మేము ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వారం. శుక్రవారం ఫ్రాన్సిస్కన్ గురువుల వెంట సిలువ మార్గం నడవాలని మా కోరిక. యేసు నడిచిన దారి నిజంగా అదేనా?

సమాధానం: కచ్చితంగా అదే అనలేము. పద్నాలుగు స్థలాలు గల నేటి మార్గం శతాబ్దాల యాత్రికుల భక్తిలో క్రమంగా స్థిరపడింది. పిలాతు తీర్పు తీర్చినది పడమటి వైపు, యాఫా ద్వారం దగ్గరి హేరోదు రాజభవనంలో అని నేడు చాలామంది పండితులు భావిస్తున్నారు. అదే నిజమైతే ప్రభువు నడిచిన దారి మరోవైపు నుంచి వస్తుంది. దారిలో కనిపించే ‘ఇదిగో ఈ మనుష్యుడు’ తోరణం కూడా హాడ్రియన్ కాలపు కట్టడమే. ఇంత తెలిసిన తరువాత కూడా తప్పక నడవండనే నేను చెబుతాను, ఎందుకంటే అన్ని దేశాల విశ్వాసులు తరతరాలుగా కన్నీటితో నడిచిన దారి అది, ఆ ప్రార్థనలో చేరడానికి రాళ్ల వయసు అడ్డు రాదు. ఊరేగింపు మధ్యాహ్నం సాగుతుంది, గడియ రుతువును బట్టి మారుతుంది. దారి మొదట్లోనే సెయింట్ ఆన్ చర్చి ఉంది. 12వ శతాబ్దపు ఆ రాతి కట్టడంలో ఒక కీర్తన పాడి చూడండి, ఆ ప్రతిధ్వని వంటిది నగరంలో మరెక్కడా వినరు. దాని ఆవరణలోనే బేతెస్ద కోనేరు బయటపడింది. మధ్యలో అడ్డుగోడ ఉన్న జంట కొలను అది. నాలుగు వైపులా నాలుగు, అడ్డుగోడ మీద ఒకటి, మొత్తం అయిదు మంటపాలని యోహాను చెప్పిన లెక్క అక్కడ నిలబడితే కళ్లకు కడుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఆమెను తీసుకువెళ్లవచ్చా?

సమాధానం: తీసుకువెళ్లవచ్చు, అయితే ఆమె ప్రతి చోటికీ రావాలని పట్టుబట్టకండి. ఒలీవల కొండ దారి చాలా వాలు. ఆమెను బస్సులోనే కింద గెత్సేమనేకు చేర్చండి, ఆ ప్రాచీన ఒలీవ చెట్ల దగ్గర ఆమె తీరికగా ప్రార్థించుకోవచ్చు. పవిత్ర సమాధి చర్చిలో, సిలువ నిలిపిన బండగా భావించే గొల్గొతా పైకి మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. ఎక్కలేనివారు కిందనే ఉన్న ఆదాము ప్రార్థనా గదిలోకి వెళ్తే, అదే బండను అద్దం వెనుక చూడగలరు. పాత నగరపు వీధుల రాళ్లు అరిగి నున్నబడ్డాయి, జారని చెప్పులు తప్పనిసరి.

ప్రశ్న: దేవాలయ పర్వతం మీద బైబిలు చదివి ప్రార్థించుకోవచ్చా?

సమాధానం: వీలుకాదు. అది ముస్లింల పవిత్ర ప్రాంగణం. ఇతరులు మొఘ్రబీ ద్వారం గుండా మాత్రమే, నిర్ణీత వేళల్లోనే ప్రవేశించాలి. శుక్ర, శనివారాల్లో ప్రవేశం ఉండదు. మత గ్రంథాలను తనిఖీలో ఆపుతారు, అక్కడ బృంద ప్రార్థనకు అనుమతి లేదు. ఆ నియమాన్ని మనసారా గౌరవించండి. మీరు చదవాలనుకున్న భాగాన్ని ఒలీవల కొండ మీద, ప్రభువు నగరాన్ని చూచి కన్నీరు విడిచిన చోటని గుర్తుచేసే చిన్న చర్చి దగ్గర చదవండి. అక్కడి నుంచి పర్వతమంతా ఎదురుగా కనిపిస్తుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే వరకు విశ్రాంతిదినం గనుక, పడమటి గోడ దగ్గర ఫొటోలు తీయరాదు, యూదుల దుకాణాలు తెరవరు. ఆ శనివారాన్ని పాత నగరంలోని చర్చిల కోసం ఉంచుకుంటే సమయం వృథా కాదు. ప్రయాణానికి డబ్బు కట్టేముందు భారత విదేశాంగ శాఖ ఇచ్చే భద్రతా సూచనలను ఒకసారి చూసుకోండి.