మంచు చిరుత ఉద్యోగమంటే సగం మేకల దొడ్డి పని

ప్రశ్న: నర్సీపట్నం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా మంచు చిరుతల వీడియోలు చూసి చూసి, హిమాలయాల్లో వన్యప్రాణి సంరక్షణ, వాతావరణ మార్పుల ప్రాజెక్టుల్లో పని చేస్తానని పట్టుపట్టింది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే మొహం తిప్పుకుంటోంది. లడఖ్‌లో నెల రోజుల వాలంటీర్ ప్రోగ్రాం ఉందట, అరవై వేలు కట్టాలట. ఈ దారిలో బతుకుదెరువు ఉందా? ఆడపిల్లని అంత దూరం, అంత చలిలోకి పంపొచ్చా? టెన్షన్‌తో నాకూ మా ఆవిడకీ నిద్ర పట్టడం లేదు.

జవాబు: మాస్టారూ, ముందు ఆ అరవై వేలు కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మూడేళ్ళ కిందట రాజమండ్రి నుంచి ఒక కుర్రాడు ఇలాంటి ప్రోగ్రాంకే డబ్బు కట్టి వెళ్ళాడు. తిరిగొచ్చాక నాకు మంచి ఫొటోలు చూపించాడు, ఒక సర్టిఫికెట్ కూడా. అక్కడ నువ్వు ఏం కొలిచావు, ఏం రాశావు అని అడిగితే జవాబు లేదు. అది టూరు. తప్పేమీ కాదు గానీ, టూరుని టూరు అనుకునే వెళ్ళాలి. నిజమైన ప్రాజెక్టుకి మనిషి చెయ్యి అవసరం. పని తెలియని కొత్తవాళ్ళకి జీతం ఇవ్వకపోవచ్చు, రైలు ఖర్చు మనమే పెట్టుకోవాల్సి రావచ్చు. అంతేగానీ పని చేయించుకుంటూ వేలకు వేలు ఎదురు వసూలు చేశారంటే అనుమానించాలి.

ఇక అమ్మాయి కల సంగతి. ఆ పని ఎలా ఉంటుందో ఆమెకి వీడియోలు చెప్పవు, కాబట్టి నేను చెబుతాను. మన దేశంలో మంచు చిరుతలు ఎన్నున్నాయో మొన్న మొన్నటిదాకా పద్ధతిగా తీసిన లెక్క లేదు. 2019 నుంచి 2023 దాకా చేసిన సర్వే ఫలితం 2024 జనవరిలో బయటికొచ్చింది: అంచనాగా 718. అందులో 477 లడఖ్‌లోనే. ఉత్తరాఖండ్‌లో 124, హిమాచల్‌లో 51, మిగతావి అరుణాచల్, సిక్కిం, జమ్మూ కశ్మీర్‌లలో. ఈ లెక్క కోసం సర్వే బృందాలు 13,450 కిలోమీటర్ల కొండదారులు నడిచాయి, 1,971 చోట్ల కెమెరా ట్రాప్‌లు, అంటే జంతువు ఎదురుగా వస్తే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు, పెట్టాయి. ఇంతా చేస్తే ఆ కెమెరాలకి చిక్కిన వేరువేరు చిరుతలు 241. నడిచేవాళ్ళు వెతికేది చిరుతని కాదు. రాళ్ళ మధ్య దాని మలాన్ని, అడుగుజాడని, కాళ్ళతో నేల గీరిన గుర్తుని. ఏడాది పొడుగునా పని చేసినా చిరుత కంటపడకపోవచ్చని అమ్మాయితో చెప్పండి. విన్నాక కూడా ఉత్సాహం తగ్గకపోతే అప్పుడు ముందుకెళ్దాం.

అసలు పని ఇంకోచోట ఉంది. రాత్రిపూట చిరుత మేకల దొడ్డిలోకి దూకిందంటే ఒకదాన్ని ఎత్తుకుపోయి ఊరుకోదు. బయటికి దారిలేక జీవాలు బెదిరి పరిగెడుతుంటే ఒకదాని తర్వాత ఒకటి చంపుతూ పోతుంది. తెల్లారేసరికి ఒక ఇంటి ఏడాది సంపాదన పోతుంది. ఆ కోపంలో ఊరు చిరుత మీదికి వెళ్తుంది. కాబట్టి చిరుతని కాపాడాలంటే దొడ్డికి పైన ఇనప వల, గట్టి తలుపు కావాలి. హిమాచల్‌లోని స్పితి లోయలో కిబ్బర్ అని ఒక ఊరుంది, దాదాపు 4,200 మీటర్ల ఎత్తున. మైసూరు కేంద్రంగా పనిచేసే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు అక్కడ 2002లో ఊరివాళ్ళే నడుపుకునే పశువుల బీమా మొదలుపెట్టించారు. ప్రీమియం కట్టేది ఊరివాళ్ళే, ఎవరి పశువు నిజంగా చిరుత వల్ల పోయిందో తేల్చేదీ వాళ్ళే. అంతకుముందే భరల్ అనే కొండగొర్రెలు మేయడానికి కొంత భూమిలోకి తమ పశువుల్ని తోలకుండా వదిలారు. భరల్ మందలు పెరిగితే చిరుతకి అడవి తిండి దొరుకుతుందన్నది లెక్క. ఇప్పుడు చెప్పండి, ఇది జువాలజీయా, ఇన్సూరెన్సా, పంచాయతీయా?

వాతావరణ మార్పు పనీ ఇంతే. లడఖ్‌లో రైతుకి విత్తనం వేసే వేళ నీళ్ళు కావాలి, అంటే ఏప్రిల్, మే. పైనున్న హిమానీనదం కరిగి నీళ్ళు దిగేసరికి జూన్ వస్తుంది. చలికాలం మంచు తగ్గితే ఆ మధ్యలో పొలం ఎండుతుంది. గ్రామీణాభివృద్ధి శాఖలో సివిల్ ఇంజనీరుగా చేసిన చెవాంగ్ నోర్ఫెల్ ఈ తిప్పలకి ఒక ఉపాయం కనిపెట్టారు. చలికాలంలో వృథాగా పారే నీటిని ఊరికి దగ్గర్లో, నీడ పడే లోయలో చిన్న రాతి గోడలతో నిలిపి గడ్డకట్టించడం. ఎత్తు తక్కువ కాబట్టి అది ముందే కరుగుతుంది, విత్తనాల వేళకి అందుతుంది. ఆయనకి 2015లో పద్మశ్రీ ఇచ్చారు. ఇలాంటి ఊళ్ళలో నీళ్ళు కావాల్సిన రైతు, మేకల యజమాని చాలాసార్లు ఒకే ఇల్లు. ప్రాజెక్టు కాగితాల మీదే అవి రెండు శాఖలు. ప్రభుత్వం 2017లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి మొదలుపెట్టిన సెక్యూర్ హిమాలయ ప్రాజెక్టు చూసినా మంచు చిరుత, మేత భూములు, ఊరి జీవనోపాధి, వేట నేరాలు అన్నీ ఒకే గొడుగు కింద పెట్టారు.

అందుకే ఈ రంగంలో ‘నాకు జంతువులంటే ప్రాణం’ అన్న మాటకి పెద్ద విలువ లేదు. అందరూ అదే అంటారు. చేతిలో ఒక గట్టి పని ఉండాలి. గణాంకాలో, మ్యాపులో, పశువైద్యమో, ఊరివాళ్ళతో కూర్చుని తగువు తేల్చే నేర్పో, ఆఖరికి లెక్కలు రాయడమో. నా దగ్గరికొచ్చిన ఒక బీకాం అబ్బాయి ఇప్పుడు ఒక సంరక్షణ సంస్థలో విరాళాల లెక్కలు చూస్తున్నాడు. జువాలజీ చదివినవాళ్ళకంటే ముందు ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఆ విషయం నాకు వారానికోసారి గుర్తు చేస్తుంటాడు కూడా.

మీ అమ్మాయికి నేను సూచించేది మ్యాపుల పని, అంటే జీఐఎస్ (కంప్యూటర్ మీద మ్యాపుల విశ్లేషణ), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలని గమనించడం). కారణం ఉంది. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ ల్హోనాక్ అనే హిమానీ సరస్సు తెగి తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ దగ్గరున్న డ్యామ్‌ని తుడిచిపెట్టేసింది. అలాంటి సరస్సులని ఉపగ్రహ చిత్రాల్లో ఏడాదికేడాది గమనించే ఇస్రో కేంద్రం ఎక్కడుందనుకున్నారు? హైదరాబాద్ బాలానగర్‌లో, నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. హిమాలయ నదీ పరీవాహక ప్రాంతాల్లో పది హెక్టార్లు దాటిన సరస్సులు 2,431 ఉంటే, 1984 నుంచి 676 బాగా పెరిగాయని, వాటిలో 130 మన దేశంలో ఉన్నాయని 2024లో ఇస్రో చెప్పింది. వన్యప్రాణుల డీఎన్‌ఏ మీద పనిచేసే సీసీఎంబీ వారి లాకోన్స్ అనే ల్యాబ్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. హిమాలయాల పనికి దారి మొదలయ్యేది మనాలి బస్సులోనే అని అనుకోనక్కర్లేదు.

మ్యాపులకి క్యూజీఐఎస్, గణాంకాలకి ఆర్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. డిగ్రీ అయ్యేలోపు ఈ రెంటితో ఒక చిన్న పని సొంతంగా పూర్తి చేయమనండి. ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: హిందీ. స్పితిలో, లడఖ్‌లో ఊరి ఫీల్డ్ అసిస్టెంట్‌తో, గొర్రెల కాపరితో, డ్రైవర్‌తో మాటంతా హిందీలోనే నడుస్తుంది. మన జిల్లాల పిల్లలు ఇంగ్లీషు ఇంటర్వ్యూ నెగ్గి, ఫీల్డులో నోరు పెగలక వెనకబడటం నేను చూశాను.

తర్వాత ఎమ్మెస్సీ. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఉంది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఉంది, దీనికి రెండేళ్ళకోసారే ప్రవేశాలు. రెండిటిలోనూ సీట్లు చాలా తక్కువ, మొదటిసారి రాకపోవడం మామూలే. అందుకని పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ గానీ, ఎక్కడైనా మంచి జియోఇన్ఫర్మాటిక్స్ కోర్సు గానీ పక్కన పెట్టుకోండి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి జువాలజీ డిగ్రీ సరిపోతుంది గానీ ఏ రాష్ట్రం కేడర్ వస్తుందో మన చేతిలో లేదు. మంచు చిరుత కోసమే యూపీఎస్సీ రాస్తానంటే నేను వద్దంటాను.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెబుతాను. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, తెచ్చుకుంటే 2023 సవరణ ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకి 37,000, దానిపైన ఇంటి అద్దె భత్యం. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి ఉద్యోగం సాధారణంగా దీనికంటే తక్కువే, ఫీల్డులో ఉన్నన్నాళ్ళు తిండి, వసతి వాళ్ళవే అవుతాయి. ప్రాజెక్టు రెండు మూడేళ్ళు. నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. డీఎస్సీ టీచరుకుండే నిశ్చింత ఇందులో ముప్పై ఏళ్ళ వయసు దాకా రాదనుకోండి. మీకు బ్యాంకు అప్పు ఉండి, అమ్మాయి జీతం మీద ఆధారపడాల్సి వస్తే ఆ మాట ఇప్పుడే ఆమెకి చెప్పండి. దాచిపెట్టి తర్వాత సాధించడం కంటే అది మేలు.

ఆడపిల్ల అన్న భయానికి వస్తే, ఈ రంగంలో అమ్మాయిలు చాలామందే ఉన్నారు, కిబ్బర్ లాంటి ఊళ్ళ ఆడవాళ్ళు కూడా కెమెరా ట్రాప్‌లు పెడుతున్నారు. మీరు సంస్థని అడగాల్సినవి ఇవి: ఫీల్డ్ స్టేషన్‌లో ఇంకెవరుంటారు, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉందా, జబ్బు చేస్తే కిందికి దించే వాహనం ఎంతసేపట్లో వస్తుంది. నసిగితే మానేయండి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. విమానం దిగగానే కొండెక్కితే ఎంత ఆరోగ్యవంతులైనా జబ్బుపడొచ్చు, మొదటి రెండు రోజులు విశ్రాంతే. లంబసింగి చలికే మనం స్వెట్టర్లు వేసుకుంటాం కదా, అక్కడ జనవరిలో బాటిల్లో నీళ్ళు గడ్డకడతాయి. అయితే మొదటి ఏడాదే చలికాలం ఫీల్డుకి వెళ్ళాలని ఎవరూ పట్టుపట్టరు.

బీఈడీ వద్దనను. ఎమ్మెస్సీ సీటు రాని ఏడాదిలో చేస్తే చేయనివ్వండి, బడి పిల్లలకి ప్రకృతి పాఠాలు చెప్పే ప్రాజెక్టుల్లో అది పనికొస్తుంది కూడా. పలుపుతాడులా మాత్రం వాడకండి మాస్టారూ. మీరు క్లాసులో ఇంతమంది పిల్లల్ని చూశారు, కట్టేసి చదివించిన చదువు ఎలా ఉంటుందో నాకంటే మీకే తెలుసు.

ఇక లడఖ్ బదులు ఈ సంక్రాంతి సెలవుల్లో ఏం చేయాలో చెబుతాను. మీకు చింతపల్లి, పాడేరు కొండలు బస్సు దూరం. ఏదో ఒక ఊరు చూసుకుని, తెలిసినవాళ్ళ ఇంట్లో పది రోజులు ఉండమనండి. ఉదయం రెండు గంటలు ఒకే దారిలో నడిచి కనిపించిన పక్షుల్ని ఈబర్డ్ యాప్‌లో ఎక్కించాలి. సాయంత్రం ఊరి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని కాఫీ పూత ఎప్పుడు వస్తోంది, ఏ ఊట ఎండింది, అడవిపంది ఎవరి చేను తొక్కింది అని అడిగి రాసుకోవాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, తన అభిప్రాయం కలపకుండా. నాలుగో రోజుకి విసుగొస్తే అదీ రాయాలి. ఆ నోట్‌బుక్ ఫొటోలు నాకు పంపమనండి. ఎమ్మెస్సీ దరఖాస్తులో ‘ఈ కోర్సు మీకెందుకు’ అని అడిగేచోట రాయాల్సినది అందులోంచే తీద్దాం.